ఒకే పొయ్యి మీద తినేవాళ్లు

మొన్న పొద్దున్న టీవీలో ఎవరో చదువుకున్న కుర్రాడు, సగటు కుటుంబం సంపాదనలో తిండికెంత పోతోందో, ఫోనుకెంత పోతోందో రంగురంగుల బొమ్మలేసి చెబుతుంటే, నా చేతిలో కాఫీ అలాగే చల్లారిపోయింది. సగటు అంటే మీకు బడిలో లెక్కల మేష్టారు గుర్తొస్తారేమో గానీ, నాకు ఒడిశాలో రాయగడ దగ్గరి బిస్సమ్ కటక్‌లో ఒక వానాకాలపు మధ్యాహ్నం గుర్తొస్తుంది.

తొంభైల చివరి మాట. మాకు రాయగడలో ఉప్పూ ఉల్లిపాయలూ టోకున అమ్మే కొట్టుండేది. ఆడపిల్ల ఊళ్లు తిరగడం నాన్నగారికి సుతరామూ ఇష్టం లేకపోయినా, పేదల జాబితా రాయడానికి ఒడియా, తెలుగు రెండూ వచ్చినవాళ్లు కావాలని, ఆ పనికి పెద్దగా ఉన్న మా చిన్న మావయ్య పట్టుబట్టి నన్ను తనవెంట తీసుకెళ్లాడు. ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లంతా ఒక కుటుంబమని మాకు చెప్పిన సూత్రం. ఆ ఇంటి నెల ఖర్చంతా కూడి, తినేవాళ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటు, సర్కారు గీసిన గీతకు కిందుంటే చవక బియ్యం కార్డు, పైనుంటే లేదు. సంపాదన అడిగితే మన జనం నిజం చెప్పరు గానీ ఖర్చు మాత్రం అడక్కుండానే చెబుతారు, పక్కింటివాళ్ల ఖర్చయితే మరీను.

బిస్సమ్ కటక్‌లో తెలుగువాళ్ల వీధి చివరింట్లో, విజయనగరం వైపు నుంచి ఏనాడో వచ్చిన ఒక మామ్మ ఉండేది. అడ్డాకులతో విస్తళ్లు కుట్టి సంతలో అమ్ముకునేది. మీ పొయ్యి మీద ఎంతమంది తింటారని అడిగితే, నవ్వుతూ పీట వాల్చింది.

“ఐదుగురం అమ్మీ. నేను, మా ఓడు, కోడలు, మనవడు, మనవరాలు. ఇప్పుడే అలా ఎల్లేరు, వచ్చేత్తారు, కూకో.”

ఐదుగురికి సరిపడా బియ్యం, పప్పు, నూనె, కోడలికి పువ్వులు, పిల్లలకు జోళ్లు, అన్నీ చెప్పింది, అన్నీ రాసుకున్నాను. విస్తళ్ల మీద వచ్చేది అందులో ఏ మూలకూ చాలదు. మిగతాది ఎక్కడిదంటే “మా ఓడు తెత్తాడు కదేటి” అంది. నడవలో ఐదు కంచాలు వేసి ఉన్నాయి, ఐదింట్లోనూ అన్నం పొగలు కక్కుతోంది. వాన జల్లుకు తడుస్తున్నాయని గుమ్మంలోని చిన్న జోళ్లు పక్కకు తీస్తే, అడుగులు వేళ్ల దగ్గర బాగా అరిగి ఉన్నాయి.

బయటికొచ్చాక మామ్మ పక్కింటి వదిన నా చెయ్యి పట్టుకుని తన అరుగు మీదకి లాగింది. ఆ కొడుకూ, కోడలూ, పిల్లలిద్దరూ ఏనాడో ఒకే వానాకాలం జ్వరాలకు పోయారట. “ఒకరి కాడ సెయ్యి సాపదు, అప్పు సెయ్యదు. ఏటేటా పిల్లలకి కొత్త జోళ్లు కొంటది, ముందటేడు కంటే పెద్దయి” అంది. నేను వెనక్కి తిరిగి గుమ్మంలో ఆ అరిగిన జోళ్ల వైపు చూశాను.

లెక్క ఎంత పాడుదో చూడండి. ఐదుగురని రాస్తే ఆమె కడు పేదరాలు. ఒక్కతే అని రాస్తే అంత ఖర్చూ ఒక్క తల మీద పడి, కాగితం మీద ఆ వీధికే కలిగిన మనిషైపోతుంది, బియ్యం కార్డు పోతుంది. మావయ్యతో చెబితే, పోయినవాళ్లు లెక్కలోకి రారని ఐదు కొట్టేసి ఒకటి వేశాడు. ముసలిది పస్తులుంటుంది మావయ్యా అని నేను బతిమాలితే, విసుక్కుంటూ తనే చూసొస్తానని గొడుగు తీసుకుని మామ్మ ఇంట్లోకెళ్లాడు.

చాలాసేపటికి గాని రాలేదు. వచ్చినవాడు గొడుగు అక్కడే మరిచిపోయాడు. నా చేతిలో కాగితం లాక్కుని, ఒకటి కొట్టేసి మళ్లీ ఐదు వేశాడు. ఇద్దరం రాయగడ బస్సెక్కాం. సగం దారిలో కిటికీలోంచి చూస్తూనే, “ఆ సిన్నదానికి మజ్జిగ సాలలేదే అమ్మీ” అన్నాడు. తను పోయేదాకా ఆ సంగతి మరొక్క ముక్క చెప్పలేదు. ఆ నలుగురి తిండి కూడా జిల్లా సగటులో కలిసిపోయింది.

కొన్నేళ్లకు మామ్మ కూడా పోయింది. ఆ తర్వాత కూడా చాలాకాలం ఆ కార్డు మీద బియ్యం వెళ్తూనే ఉన్నాయని, ఎవరు తీసుకెళ్తున్నారో ఎవరూ చూడలేదని ఆ పక్కింటి వదిన మా కొట్టుకొచ్చినప్పుడు చెప్పింది. ఇప్పుడు రేషన్ కొట్లలో యంత్రాలొచ్చాయి. వేలిముద్ర పడనివాళ్ల పేర్లు తీసేశారు, ఆ కార్డూ పోయింది. మోసాలు తగ్గాయి, నేను కాదనను.

మా ఇంట్లో ఇప్పుడు నేనొక్కదాన్నే. అయినా ఆ కార్డు పోయిన ఏడాది నుంచీ, ఎన్ని బియ్యం తెచ్చుకున్నా నెల నిండకుండానే అయిపోతున్నాయి. మొదట్లో భయపడ్డాను, ఇప్పుడు మజ్జిగ కొంచెం ఎక్కువే చేస్తున్నాను. ఆ రోజుల్లోలా ఎవరైనా గుమ్మంలోకొచ్చి, మీ పొయ్యి మీద ఎంతమంది తింటారమ్మా అని అడిగితే ఏం చెప్పాలో కూడా అనుకుని పెట్టుకున్నాను గానీ, ఇప్పుడెవరూ వచ్చి అడగడం లేదు.