అత్తయ్య నవ్విన రోజులు

నా చిన్నప్పుడు, తాడేపల్లిగూడెంలో మా ఇంట్లో, మనిషి నవ్వితే జబ్బు తగ్గినట్టే లెక్క. మా అత్తయ్య, అంటే నాన్నగారి చెల్లెలు, ఆ ఏడాది వర్షాకాలమంతా గోడవైపు తిరిగి పడుకునే ఉంది. తల దువ్వుకునేది కాదు. అన్నం కలిపి పెడితే ముద్ద నోట్లో అలాగే ఉండిపోయేది. ఏలూరు తీసుకెళ్తే డాక్టరుగారు దిగులు జబ్బన్నారు, మాత్రలు రాశారు.

కొన్నాళ్ళకి లేచి కూర్చుంది. ఆ తర్వాత ఇల్లంతా తనే అయిపోయింది. తెల్లారకముందే వాకిలి నిండా ముగ్గులు, వీధిలో అందరికీ పలకరింపులు, ఒక మాట పూర్తికాకుండానే ఇంకో మాట. నిద్రన్నదే లేదు. నాన్నగారు సంతోషం పట్టలేక తన కొట్లో అందరికీ మిఠాయి పంచారు. మా నాయనమ్మ ఒక్కతే నవ్వలేదు.

ఒకరోజు మధ్యాహ్నం అత్తయ్య బడి దగ్గర్నుంచే నన్ను బస్సెక్కించి, పక్షులు చూపిస్తానని కొల్లేరు తీసుకెళ్ళింది. చీర తడుస్తున్నా ఆగకుండా నన్ను పట్టుకుని నీళ్ళలోకి నడిచింది. "రావే, నేనుండగా మునగవు!" అని నవ్వుతోంది. నీళ్ళు నా గుండెల దాకా వచ్చాయి. అరిచాను. దోనెలో వెళ్తున్న పెద్దాయన మమ్మల్నిద్దర్నీ లాగి ఒడ్డుకు చేర్చాడు. నేను వణుకుతుంటే అత్తయ్య ఇంకా నవ్వుతూనే ఉంది.

మర్నాడు నాన్నగారూ నాయనమ్మా అత్తయ్యనీ నన్నూ వెంటబెట్టుకుని మళ్ళీ ఏలూరు డాక్టరుగారి దగ్గరికి వెళ్ళారు. "కోలుకుందండీ, ఏదో సరదా పడింది," అని నాన్నగారు సర్దిచెప్పబోయారు. నాయనమ్మ ఆయన్ని ఆపింది.

"ఇన్నాళ్ళూ దిగులు రోజులే చెప్పామండీ. దీని సంతోషం చూస్తే నాకు అంతకంటే భయమేస్తోంది. కాలేజీలో ఉన్నప్పుడూ ఇలాగే అయింది. పరువు పోతుందని దాచాం."

డాక్టరుగారు కలం పక్కనపెట్టారు. "ఈ మాట ముందే తెలియాల్సిందమ్మా. ఆ దిగులూ, ఈ హుషారూ ఒకటే జబ్బు. దిగులుకిచ్చిన మందే ఈవిణ్ణి ఇలా ఎగదోసి ఉండొచ్చు." ఆ మాత్రలు ఆపి వేరే మందు మొదలుపెట్టారు. అప్పుడప్పుడు రక్తపరీక్ష తప్పదన్నారు.

వెంటనే ఏమీ కుదుటపడలేదు. దిగులు మళ్ళీ వచ్చింది. "ఆ సంతోషం కూడా నాది కాదా, వదినా?" అని అత్తయ్య మా అమ్మ ఒళ్ళో ఏడ్చింది. అయినా అత్తయ్య మందు మానలేదు. మధ్యలో మంచం పట్టినా మళ్ళీ లేచి, ఏళ్ళ తరబడి టీచరుగా పనిచేసింది.

ఈమధ్య మా మనవరాలిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే నేనూ వెళ్ళాను. దిగులుగా ఉంటోందని చెప్పి మా అబ్బాయి ఊరుకున్నాడు. నేను కుర్చీ ముందుకు జరుపుకుని, పోయిన వేసవిలో అది నిద్ర లేకుండా ఎంత హుషారుగా తిరిగిందో కూడా చెప్పడం మొదలుపెట్టాను. పిల్ల నావైపు కోపంగా చూసింది. అయినా చివరిదాకా చెప్పాను.