మీకు ఆపా, నాకు అక్క

నేను ఖాసింబీని. గురుబరపల్లిలో పరుపులు కుట్టే ఇంటి పెద్దదాన్ని. డెబ్బై దాటాయి, చిన్నకొడుకు దగ్గర ఉంటున్నాను. బక్రీదుకు ముందు క్రిష్ణగిరిలో మా అక్క పోయింది. ఆమె దగ్గర దీను పాఠాలు, అంటే మతం పాఠాలు, విన్న ఆడవాళ్ళు ఆమె జ్ఞాపకంగా పుస్తకం వేస్తున్నారు, నన్నూ నాలుగు మాటలు చెప్పమన్నారు. చదువు రానిదాన్ని, నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. వాళ్ళు ఆమెను ఆపా అనేవాళ్ళు. ఆపా అంటే అక్కే. నా పిలుపులో కూడా వాటా తీసుకున్నారు.

చిన్నప్పుడు ఒకే బొంతకు చెరో కొస పట్టి కుట్టేవాళ్ళం. ఉరుసుకు నన్ను చంకనెత్తుకుని దర్గాకు తీసుకుపోయింది ఆమే.

నడివయసులో ఆమె చేతికి ఒక పుస్తకం వచ్చింది. ఏడు వందల ఏళ్ళ కిందట షాము దేశపు, అదే సిరియా వైపు, ఇమాము ఒకాయన చెప్పిన మాటలట, తమిళంలో అచ్చయ్యాయి. సమాధులను వేడుకోవద్దు, నడుమ ఎవరూ లేకుండా అల్లానే అడగండి, ఖురానుకూ ప్రవక్త నడిచిన దారికీ మళ్ళీ రండి అన్నాడట. ఖైదులో కలం లాక్కుంటే బొగ్గుతో రాశాడట. ఎన్నో తరాల తర్వాత, దీనును కడిగి శుభ్రం చేయాలనుకున్నవాళ్ళు అరబ్బు దేశాల్లోనూ మన దేశంలోనూ ఆయన మాటే పట్టుకున్నారని అక్క చెప్పేది. ఆ మాట నడిచి నడిచి మా అక్క వంటింటిదాకా వచ్చింది.

ఇక ఉరుసు లేదు. నేను బస్సెక్కి పోతే వక్కాకు పెట్టి మళ్ళీ పుస్తకంలో తల దూర్చేది. మా బావను కూడా అంత ప్రేమగా చూసి ఎరుగదు. సవతి పోరంటారే, నాకది ఎప్పుడో చనిపోయిన ఇమాముతో వచ్చింది.

ఒకనాడు అడిగేశాను. “దర్గాలో ఉండే ఆయన్ని అడగొద్దంటావు. నువ్వు పొద్దస్తమానమూ అడగతా ఉండేది ఎవురినక్కా? ఆయప్ప ఏమన్నా బతికుండాడా?”

నవ్వింది. “నేను అడగలేదే. ఆయన చెప్పినాడు, నేను వింటా ఉండాను. చచ్చినోళ్ళను అడగొద్దు, చచ్చినోళ్ళ కోసరం అల్లాని అడుగు.”

ఆమె పోయాక గోరీ మీదికని పేరుతో నల్లరాయి చెక్కించాను. చుట్టూ రాతి గనులున్న ఊళ్ళో బతికి రాయి లేకుండా పోవడమేమిటి? పేరు తెలుగులో వేయమంటే రాయి చెక్కేవాడు తమిళంలో వేశాడట. నాకు రెండూ ఒకటే. పాఠాల ఆడవాళ్ళు అడ్డం వచ్చారు. మట్టి తప్ప ఏమీ వద్దని ఆపానే చెప్పిపోయిందన్నారు.

“నీకు సదవను రాదు గదా పిన్నమ్మా, పేరు ఎవురికి?” అంది ఒకతె.

“మీకు ఆపా. నాకు అక్క. రెండూ ఒకటి కాదమ్మా,” అన్నాను.

గోరీ మీద పెట్టను. అక్క వద్దన్నందుకు, ఇమాము వద్దన్నందుకు కాదు. కానీ మా వాకిట్లోంచి ఆ రాయిని ఎవరూ కదపకూడదు. వాన పడితే చెక్కిన గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి. పేరు ఎక్కడ మొదలవుతుందో నాకు తెలియదు. తడి ఉన్నచోటల్లా వేలు పెట్టి దిద్దుకుంటూ పోతాను, ఎండ వచ్చి ఆరేదాకా.

ఖాసింబీ, ఎడమ బొటనవేలి ముద్ర.
దగ్గరుండి చూసినవాళ్ళు: రాసిన కోడలు మెహరున్నిసా, ఎదుటి అంగడి సరోజమ్మ.