రబ్బర్ల దొంగ

మా మరదలు దొంగ. ఈ మాట మా ఆవిడ ఎదుట అనే ధైర్యం లేదు కనక అచ్చులో అంటున్నాను. నగలూ గడియారాలూ ఆమెకి అక్కర్లేదు. పెన్సిలు గీత చెరిపే రబ్బరు కనబడితే మాత్రం చెయ్యి ఊరుకోదు.

ఆమె మా ఇంటికొచ్చి వెళ్ళిందంటే పిల్లల పెట్టెల్లో రబ్బర్లుండవు. పెన్సిళ్ళ వెనకుండే గులాబీరంగు ముక్కలు కూడా శ్రద్ధగా పీకేసి ఉంటాయి. ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పన్ను అక్కడ వదిలేసి, చీటీలు రాసే అమ్మాయి రబ్బరుతో బయటికొచ్చింది. నోట్లో దూది ఉంది కాబట్టి సంజాయిషీ చెప్పే బాధ తప్పింది.

"మీ చెల్లెలికి వైద్యం చేయించాలి" అన్నాను మా ఆవిడతో.

"రబ్బరేగా! మీ బాబాయి కనబడ్డ గొడుగల్లా పట్టుకొస్తే నేను నోరెత్తానా?" అంది.

ఈ దొంగగారి ఉద్యోగం గ్రంథాలయంలో, పిల్లల విభాగంలో. శనివారం మధ్యాహ్నాలు అక్కడి పొడుగు బల్ల చుట్టూ నలుగురు పిల్లలు కూర్చుని ఒకే బొమ్మల కథ గీస్తుంటారు. ఒకరు ఒక గడి గీస్తే, తరవాతి గడి పక్కవాళ్ళది. పదేళ్ళ మా అమ్మాయి ఆ బల్లకి మహారాణి. అందరికన్నా చిన్నది ఏడేళ్ళ పిల్ల, ముద్దుపేరు బుడంకాయ.

ఓ శనివారం మా అమ్మాయిని తీసుకురావడానికి వెళ్ళేసరికి పెద్ద రభస. కథ దారి తప్పిన బస్సు గురించి. బుడంకాయ బస్సు తలుపుని పైకప్పు మీద పెట్టింది.

"పైనుంచి ఎవరెక్కుతారే? రబ్బరు! రబ్బరేదీ?" అని మా అమ్మాయి కేకలు.

పెట్టెలు బోర్లించారు, జేబులు తడిమారు. నా జేబులు కూడా వదల్లేదు. మరదలు ఎటో చూస్తూ పుస్తకాల దుమ్ము దులుపుతోంది.

"పిన్నే తీసుంటుంది!"

"నేనా? నన్ను చూస్తే అలా అనిపిస్తోందా?"

"అనిపిస్తోంది" అన్నారు నలుగురూ.

చెరిపే దారి లేదు. అందరూ ఆ తలుపుకేసి గుడ్లప్పగించి చూశారు. చివరికి కళ్ళజోడు కుర్రాడు "కొంగలైతే పైనుంచే ఎక్కుతాయిగా" అని గొణిగాడు. మా అమ్మాయి మొహం చిట్లించి, కాసేపు ఆలోచించి, ఒక కొంగని గీసి ముక్కులో టికెట్టు పెట్టింది. అంతదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్న బుడంకాయ కిసుక్కుమంది.

ఆ మంగళవారం పత్రికాఫీసులో నా బల్ల మీది రబ్బరు కూడా మాయమైంది. ముందు రోజే మరదలు అక్కడికి నాకు క్యారేజీ తెచ్చిచ్చింది. తిన్నగా గ్రంథాలయానికి వెళ్ళి నిలదీశాను.

"నా రబ్బరు పోయింది."

"పోలేదు బావగారూ, నేనే తీశా" అంటూ బిస్కెట్ల డబ్బా తెరిచింది. లోపల అరవై పైచిలుకు రబ్బర్లు. ఒక్కొక్కదానికీ సొంతదారు ఎవరో రాసిన చీటీ.

"ఏమిటీ పిచ్చి?"

ఆమె గొంతు తగ్గించింది. "మొదటివారం బుడంకాయ గీసిందల్లా మీ అమ్మాయి చెరిపి, బాగా గీసింది. రెండోవారం ఆ పిల్ల తన బొమ్మ తనే చెరిపేసుకుంది. మూడోవారం బల్ల దగ్గరికే రాలేదు. 'నేను పుస్తకాలు సర్దుతా పిన్నీ' అంది."

"దాని బొమ్మలు చెరపద్దని వీళ్ళకి చెప్పొచ్చుగా?"

"చెబితే అందరూ దానికేసి జాలిగా చూస్తారు. అంతకన్నా చెరపడమే నయం. అందుకే అందరివీ ఎత్తేశా."

"సరే, నాదెందుకు?"

"వచ్చే శనివారానికి మీ అమ్మాయి దొంగతనంగా ఎవరి రబ్బరు పట్టుకొస్తానందనుకున్నారు?"

"మరి పళ్ళ డాక్టరు దగ్గరిదో?"

"అదా..." అని నేల చూపులు చూసింది. "చెయ్యి అలవాటు పడిపోయింది బావగారూ."

తరవాతి శనివారం వెళ్ళేసరికి బల్ల దగ్గర మళ్ళీ కేకలు. మా అమ్మాయే. "ఒసే బుడంకాయా, ఇక్కడేదో ఒకటి తప్పు గియ్యవే! రెండు పేజీల్నించి కథ కదలట్లేదు!"

బుడంకాయ లేచి, బోలెడు బెట్టు చేసి, డ్రైవరుకి మూడో చెయ్యి పెట్టింది. మిగతా ముగ్గురూ ఎగబడ్డారు.

నెలాఖరుకి పుస్తకం తయారై అరలోకెక్కింది. నిలబడే చదివాను. బాగుంది. ఒక్కటే లోపం: ఆరో పేజీలో బస్సుకున్న నాలుగు చక్రాలు ఏడో పేజీలో ఐదయ్యాయి. ఇన్నేళ్ళుగా పత్రికలో తప్పులు దిద్దే ఉద్యోగం, చెయ్యి దానంతటదే ఎర్ర కలం కోసం జేబులోకి పోయింది.

కలం లేదు.

అటు తిరిగి చూశాను. మా మరదలు తల వంచుకుని మహా శ్రద్ధగా పుస్తకాలకి అట్టలు వేస్తోంది. కొప్పులో ఎర్రగా ఏదో గుచ్చి ఉంది.