కాచిన నీళ్ల డాక్టరమ్మ

మా డాక్టరమ్మ పోయారని కరీంనగర్ నుంచి వచ్చిన తమ్ముడు చెప్పాడు. కొలువు విరమించాక ఆమె అక్కడే చెల్లెలి ఇంట్లో ఉండేవారు. ఆ మాట విని, పొయ్యి మీది నీళ్లు దించబోయిన దాన్ని, మసిలేదాకా ఆగాను. ఆమె ఉంటే ఆగమనేవారు.

ఆమె మందమర్రిలో గని దవాఖాన డాక్టరు. ఎవరింటికొచ్చినా కూర్చోకముందే "నీళ్లు కాగినయా?" అని అడిగేవారు. గని కార్మికుల ఇళ్ల లైన్లలో పిల్లలు ఆమెను 'కాచిన నీళ్ల డాక్టరమ్మ' అనేవాళ్లు. విని నవ్వేవారు.

మా ఆయన బొగ్గుబాయిలో పనిచేసేవాడు. మా పెద్దపిల్లకు అప్పుడు రెండేళ్లు. నెలల తరబడి నురగలాంటి విరేచనాలు, ఉబ్బిన పొట్ట, పుల్లల్లాంటి చేతులు. తిన్నది ఒంటబట్టేది కాదు. మా అత్త రోజూ దిష్టి తీసేది. డాక్టరమ్మ ఇచ్చిన మందూ పనిచేయలేదు. మళ్లీ ఎత్తుకెళితే పిల్ల పొట్ట తడిమి చూశారు.

"నా మందు తప్పింది బిడ్డా. చూడకుంట ఇచ్చిన. రేపు పొద్దుగాల దొడ్డికి పోంగనే జరంత అగ్గిపెట్టెల పట్టుకొనిరా."

మర్నాడు మైక్రోస్కోపు మీద వంగి చాలాసేపు చూశారు. తర్వాత నన్ను కూర్చోబెట్టి చూడమన్నారు. నిలువునా కోసిన జామకాయ ముక్కల్లాంటివి, రెండేసి కళ్లున్నట్టు, రాలే ఆకుల్లా తిరగబడుతూ కదులుతున్నాయి.

"ఒక్కొక్కటి ఒకటే కణం. పేగుకు అంటుకొని తిండి ఒంటవట్టనిస్తలేవు. దిష్టి కాదు, నువ్వు చేసిన పాపం అసలే కాదు," అన్నారు.

ఆ నెలల్లో నాతో ఆ మాట అన్నది ఆమె ఒక్కరే. అక్కడే ఏడ్చేశాను. ఏడవనిచ్చారు.

ఆ సాయంత్రమే ఇంటికొచ్చారు. మేము వాగు ఇసుకలో తవ్విన చెలిమె నీళ్లు తాగేవాళ్లం, పశువులూ ఆ వాగులోకే దిగేవి. వసారాలో మా అత్త పెంచే దూడ కట్టేసి ఉంది, దానికీ పారుడు రోగమే. దాని పేడ కూడా తీసుకెళ్లి చూస్తే అందులోనూ అవే కనిపించాయట.

"అయితే నా దూడను అమ్ముకోమంటవా?" అంది అత్త.

"అమ్ముడెందుకవ్వా? పశువుల డాక్టర్‌కు చూపెట్టు, పోరికి దూరంగ కట్టెయ్యి. దాని నుంచి పోరికొచ్చిందో, పోరి నుంచి దానికొచ్చిందో నాకు తెల్వది. నీళ్లు మాత్రం కాచుండ్రి."

దూడను తప్పు పట్టనందుకే అత్త మెత్తబడింది. ఆ రోజు నుంచి బొగ్గుల కుంపటి మీద నీళ్లు తనే కాచేది.

మాత్రలు పసుపుపచ్చగా, చేదుగా ఉండేవి. తేనెలో నూరి పెట్టేవాళ్లం. కొన్నాళ్లకు పిల్ల ఒళ్లు పసుపు తిరిగింది. డాక్టరమ్మ ముందే చెప్పినా నా మనసు ఆగలేదు, పిల్లను ఎత్తుకుని దవాఖానకు పరుగెత్తాను. ఆమె పిల్ల కింది రెప్ప దించి తెల్లగుడ్డు చూశారు. "కామెర్లు కాదు, మందు రంగే. ఫికర్ చెయ్యకు, దిగిపోతది," అన్నారు.

విరేచనాలు కట్టుకున్నాయి. అయినా ఒక మధ్యాహ్నం తనంతట తానే మా గడపలోకి వచ్చారు. నేను జొన్న గట్క, పప్పు కలిపి పిల్ల ముందు పెట్టాను. తినేసి, ఖాళీ గిన్నె నా వైపు తోసి "ఇంక" అంది పిల్ల. అంతకుముందు ఎప్పుడూ అడగలేదు.

డాక్టరమ్మ చెప్పులు విడిచి, పిల్లకు ఎదురుగా నేల మీద కూర్చున్నారు. పిల్ల ముక్కు మీద అంటిన గట్కను కొంగుతో తుడిచారు. బయట ఎవరో ఆమెను పిలుస్తున్నారు. "ఆగుండ్రి, వస్తున్న," అన్నారు గానీ లేవలేదు. పిల్ల ముద్ద మీద ముద్ద మింగుతుంటే, చెంపకు చెయ్యి ఆనించుకుని అలా చూస్తూ ఉండిపోయారు.