హాల్లో పరిచిన మెట్లు

టీచర్ గారు పోయారని వాళ్ళ తమ్ముడు గారు ఫోన్ చేసేసరికి నేను బెంజ్ సర్కిల్ దగ్గర ఒక బట్టల షోరూంలో మోకాళ్ళ మీద ఉన్నాను. టైల్స్ వేయడం నా పని. "నిద్రలోనే వెళ్ళిపోయిందయ్యా అక్క," అన్నారాయన. పూసిన గమ్ము ఆరిపోతుంది కాబట్టి చేతిలో ఉన్న టైలు అతికించి, లెవెల్ చూసి, అప్పుడు లేచాను. "ఎవర్రా, చుట్టాలా?" అన్నాడు మేస్త్రి. కాదు, గుణదలలో నేనుండే ఇంటి ఓనరు గారు, అంతే అని చెప్పి వచ్చేశా. అంతే కాదు. అందుకే ఇది రాస్తున్నా.

ఆవిడ రిటైరైన డ్రిల్లు టీచరు. మా పేటలో పెద్దవాళ్ళైపోయిన సగం మంది ఒకప్పుడు ఆవిడ విజిల్‌కి ఎండలో నిలబడ్డవాళ్ళే. నేను ఆ స్కూల్లో చదవలేదు. ఏ స్కూల్లోనూ సరిగ్గా చదవలేదు. నేను ఆవిడ మేడ మీద గదిలోకి దిగేసరికే ఆవిడకి పార్కిన్సన్స్ వచ్చి కొన్నేళ్ళైంది.

చెయ్యి వణకడం అందరికీ కనపడుతుంది. నడుస్తూ నడుస్తూ కాళ్ళు నేలకి అతుక్కుపోవడం మాత్రం పక్కనుంటేనే తెలుస్తుంది. వెళ్ళాలని మనసులో ఉంటుంది, కాళ్ళు వినవు. మొహం మీదకి నవ్వు కూడా రాదు. అది చూసి జనం ఆవిడకి బుర్ర పనిచేయట్లేదని తీర్మానించేశారు. ఆవిడ ఎదురుగా కూర్చునుండగానే తమ్ముడు గారిని అడిగేవాళ్ళు, "ఈవిడ టిఫిన్ తిన్నారా అండీ?" అని. నాకు ఒళ్ళు మండేది. ఆవిడ మాత్రం, "తిన్నాను. పెసరట్టు. చట్నీలో ఉప్పు చాల్లేదు," అని వీధి చివరికి వినపడేట్టు చెప్పేవారు. గొంతు సన్నబడిపోయే జబ్బది. గట్టిగా మాట్లాడటం కూడా ఆవిడకి ఎక్సర్‌సైజే.

పొద్దున్నే వరండాలో డ్రిల్లు. టీచరూ ఆవిడే, క్లాసూ ఆవిడే. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి నేర్పినవన్నీ విజిల్ ఊది మరీ చేసేవారు. చేతులు బార్లా చాపడం, నిమ్మకాయని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి ఎగరేయడం, అద్దం ముందు బుగ్గలు సాగదీసి నవ్వడం. అన్నిటికన్నా కష్టమైంది నడుస్తూ ఆలోచించడం. అడుగేస్తూ బందరు నుంచి బెజవాడకి రైలు స్టేషన్లు వరసగా చెప్పాలి. "పెడన... గుడివాడ... ఉప్పలూరు..." తప్పితే మళ్ళీ బందరు వెళ్ళి రావాల్సిందే. నేను క్యారేజీ పట్టుకుని పనికి పోతుంటే ఆపేవారు.

"నవ్వుతున్నావేం? నువ్వు చెప్పు, నడుస్తూ."

గుడివాడ దాకా వెళ్ళి ఆగిపోయా. కాళ్ళు కూడా ఆగిపోయాయి.

"చూశావా? మాత్ర లేదు, జబ్బు లేదు, నువ్వూ ఆగావు."

ఒకసారి మొహం మీదే అడిగేశా. "టీచర్ గారూ, ఇవన్నీ చేస్తే తగ్గుతుందా?"

"తగ్గదురా. మాత్రల పని మాత్రలది, దీని పని దీనిది. బెంజ్ సర్కిల్లో ఫ్లైఓవర్ కట్టేటప్పుడు మెయిన్ రోడ్డు మూసేస్తే బెజవాడ ఆగిపోయిందా? సర్వీసు రోడ్డులో పోలేదూ? నా బుర్రలో కాళ్ళకెళ్ళే రోడ్డు మూసేశారు. నేను పక్కదారి అలవాటు చేసుకుంటున్నా."

ఆ పక్కదారి నేను కళ్ళారా చూసింది మాత చర్చి ఉన్న గుణదల కొండ మీద. ఇంట్లో వంటగది గడప దగ్గర ఇరుక్కుపోయి, తమ్ముడు గారు చెయ్యి పట్టుకుని "రా అక్కా" అంటుంటే, "లాగకురా, పడతాను!" అని అరిచే మనిషి, ఒకరోజు నన్ను తోడు తీసుకెళ్ళి, పక్కన కమ్మీ మీద చెయ్యేసి కొండ మెట్లెక్కేశారు. ఒకటి తర్వాత ఒకటి, ఎక్కడా ఆగకుండా. పైన కొబ్బరికాయలమ్మే ఆవిడ చేతులు జోడించింది. "మాత మహిమమ్మా!"

"మాత మహిమే," అన్నారు టీచర్ గారు ఆయాసపడుతూ. తర్వాత నా వైపు తిరిగి, "మెట్ల మహిమ కూడా ఉందిరా. ప్రతి మెట్టూ కంటికి గీతలా కనపడుతుంది. గీత కనపడితే కాలు లేస్తుంది. చదునుగా ఉన్నచోటే నాకు చావు. మా హాల్లో మెట్లు పరువు," అన్నారు.

పరిచా. తెల్లటి నేల కోసి, ఆవిడ ఒక్కో అడుగుకీ ఒక నల్ల గ్రానైట్ పట్టీ అడ్డంగా వేశా. తమ్ముడు గారికి నచ్చలేదు. "ఇల్లా, జీబ్రా క్రాసింగా ఇది?" అన్నారు.

"క్రాసింగే. దాటాలిగా నేను."

ఆయన చెడ్డవారు కాదు, భయపడ్డారంతే. పడి తుంటి విరిగితే ఎలా అని చక్రాల కుర్చీ కొనేశారు. ఇంకో మాట లేదు, కూర్చోమన్నారు. టీచర్ గారు బేరం పెట్టారు. "ఈస్టర్ నాడు అందరితో పాటు వరసలో బలిపీఠం దాకా నా కాళ్ళ మీద వెళ్ళి, ఫాదర్ చేతి దివ్యసత్ప్రసాదం తీసుకుంటా. ఫాదర్ అది పట్టుకుని నా దగ్గరికి రాకూడదు. వెళ్ళలేకపోతే చచ్చేదాకా ఆ కుర్చీలో కూర్చుంటా." ఆయన సరేనన్నారు. కుర్చీ ప్లాస్టిక్ కవరుతోనే హాలు మూల నిలబడి ఎదురుచూసింది.

నేను గుడికీ పోను, చర్చికీ పోను. ఆ రోజు పోయా. లోపల అడుగుపెట్టగానే నేల చూశా. అతుకు కనపడకుండా పాలిష్ పట్టిన గ్రానైట్. గీత లేదు. అద్దంలా ఉంది.

వరసలో సగం దూరం బాగానే నడిచారు. తర్వాత కాళ్ళు ఆగిపోయాయి. వెనక వరస ఆగింది. "పాపం," అన్నారెవరో. ఆ మాట ఎవడు కనిపెట్టాడో గానీ! "కుర్చీ తెండి బాబూ," అని ఇంకొకరు. తమ్ముడు గారు బయటికి కదిలారు, కుర్చీ కారులో ఉంది. నేను వాళ్ళ మీద అరవబోయా.

నాకన్నా ముందు టీచర్ గారు అరిచారు. చర్చిలో, ఈస్టర్ పండగ నాడు.

"స్క్వాడ్! లెఫ్ట్!"

ఆ వరసలో ఉన్నది ఎవరనుకున్నారు? ఆటో నడిపేవాడు, నర్సు, కిరాణా కొట్టాయన, బ్యాంకు మేనేజరు. అందరూ ఆవిడ విజిల్‌కి ఎండలో నిలబడ్డవాళ్ళు. వాళ్ళేం ఆలోచించలేదు. ఎడమ కాళ్ళన్నీ ఒక్కసారి నేల మీద పడ్డాయి. చెప్పుల్లేని పాదాల చప్పుడు రాతి మీద ధబ్బుమంది.

"రైట్!"

మళ్ళీ ధబ్. ఆ చప్పుడులో ఆవిడ పాదమూ ఉంది. కంటికి గీత దొరకని చోట చెవితో పట్టుకున్నారు. "లెఫ్ట్! రైట్!" వరసంతా కదిలింది, వరసతో పాటు ఆవిడా. ఫాదర్ ప్రసాదం చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆయన పాదం కూడా ఆడటం నేను చూశా. నా ఒంటి మీద రోమాలు లేచి నిలబడ్డాయి. ఇప్పుడు రాస్తుంటే కూడా లేస్తున్నాయి.

ఆ తర్వాత కుర్చీ ఊసు ఎవరూ ఎత్తలేదు. జబ్బు ముదిరింది, అబద్ధమెందుకు. కొన్నాళ్ళు బాగా నడిచారు, కొన్నాళ్ళు మంచం దిగడమే కష్టమైంది. చివరి రోజు సాయంత్రం కూడా హాలు దాటి వచ్చి వరండాలో కూర్చున్నారు. "ఏరా అగ్గిపుల్లా, ఇవాళ ఎవరితో గొడవ?" అని అడిగారు. అగ్గిపుల్ల నా కోపానికి ఆవిడ పెట్టిన పేరు. అద్దం ముందు సాధన చేసిన నవ్వు, కొంచెం వంకరగా, వచ్చింది.

సమాధి అయ్యాక అందరూ వెళ్ళిపోయారు. తమ్ముడు గారూ నేనూ హాల్లో మిగిలాం. కుర్చీ ఇంకా ఆ మూలే ఉంది, కవరు తీయలేదు.

"సార్, ఈ పట్టీలు తీసేసి తెల్ల టైల్స్ వేసేయమంటారా?" అన్నా.

ఆయన మంచినీళ్ళ కోసం లేచి వంటగది వైపు నడిచారు. మొదటి నల్ల పట్టీ మీద ఎడమ కాలు పడింది. రెండో దాని మీద కుడి కాలు. ఆయన కిందకి చూడటం లేదు. ఆవిడ అడుగుల కొలతలోనే, ఒక్క పట్టీ కూడా తప్పకుండా, గడప దాకా.