లోడు మీద మాత్రమే వచ్చే చప్పుడు

మా బావది అద్దాల బండి. ఇరవై రెండేళ్ళుగా ఒకటే పని, గోదాము నుంచి ఇళ్ళకీ దుకాణాలకీ పెద్ద పెద్ద అద్దాలు చేరవెయ్యడం. పికప్పు వెనకాల వాలుగా నిలబెట్టిన ఇనుప చట్రం, దానికి చుట్టిన పాత దుప్పట్లు, ఆ దుప్పట్ల మధ్య అద్దాలు. ఆయన గేరు మారిస్తే పక్కన కూర్చున్నవాడికి తెలిసేది కాదు. మాటా అంతే, నెమ్మది. మా అక్కతో గొడవ పడ్డా వీధిలోకి అక్క గొంతే వినిపిస్తుంది. ఈ చప్పుడు మొదలయ్యేవరకూ ఇన్నేళ్ళలో ఆయన చేతిలో పగిలినవి రెండో మూడో. గోదాములో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు, అందరూ ‘అద్దాలాయన’ అనే పిలుస్తారు.

నేను మెకానిక్కుని. ఆ బండి బాగోగులు చూసేది నేనే, కాబట్టి ఈ కథలో తప్పించుకునే దారి నాకు లేదు.

“బయల్దేరేటప్పుడు వెనక ఠక్కుమంటోంది. గేరు మార్చినా అంతే,” అన్నాడు బావ ఒకరోజు. నాకది చిన్న విషయం. ఇంజను బలాన్ని వెనక చక్రాలకి అందించే పొడుగాటి షాఫ్టు ఒకటి ఉంటుంది. దాని కీళ్ళలో క్రాసులనే ఇనుప ముక్కలు అరిగితే అలాగే కొడుతుంది. క్రాసులు మార్చాను. వారానికి మళ్ళీ వచ్చాడు. షాఫ్టు మధ్య బేరింగు మార్చాను. మళ్ళీ వచ్చాడు. వెనక ఇరుసు మధ్యలో పళ్ళ చక్రాలుండే డబ్బా కూడా విప్పి చూశాను, పళ్ళన్నీ కొత్తవాటిలా ఉన్నాయి. విప్పి బిగించిన ప్రతిసారీ బండి తీసుకుని నాలుగు వీధులు తిరిగొచ్చేవాణ్ణి. ఒక్కసారి కూడా చప్పుడు రాలేదు.

రాదు మరి. మా షెడ్డుకో నియమం ఉంది, లోడు బండి గుమ్మం తొక్కకూడదు. మా నాన్న పెట్టింది. లోడు దించకుండా జాకీ ఎక్కించిన బండి ఒకటి జారి ఆయన కుడికాలి మీద కూర్చుంది. అప్పట్నుంచి ఎంతటివాడైనా బండి ఖాళీ చేసుకునే రావాలి. ఖాళీ బండి నా దగ్గర బుద్ధిగా ఉండేది. లోడెక్కించగానే బావ ప్రాణం తోడేసేది.

నెల తిరిగేసరికి నాలుగు అద్దాలు పగిలాయి. గోదాము యజమాని మంచివాడే గానీ ఆయనా విసిగిపోయాడు. “ఇంకొక్కటి పగిలితే నీకు లోడు ఇవ్వలేను. ఏమీ అనుకోకు,” అన్నాడు. బావకి వేరే పని రాదు, కొత్తగా నేర్చుకునే వయసూ కాదు. మొదటి గేరు దాటకుండా తోలేవాడు. వెనకనుంచి హారన్లు, తిట్లు. భోజనాల దగ్గర గిన్నె మూత కింద పడినా ఉలిక్కిపడేవాడు.

అద్దాలు పగులుతున్నాయంటే నాకు తోచిందేమిటి? భయంతో క్లచ్చు సరిగా వదలడం లేదని. అదే మొహం మీద అన్నాను. “బండిలో ఏమీ లేదు బావా. ఓసారి నీ చెవులు చూపించుకో.” ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. ఆయన మర్నాడే వెళ్ళి చూపించుకున్నాడు. చెవులు శుభ్రంగా ఉన్నాయన్నాడు డాక్టరు. దాంతో మనిషి మరీ కుంగిపోయాడు. “బండిలో లేదు, చెవుల్లో లేదు. ఇక మిగిలింది నా తలే కదా,” అన్నాడట అక్కతో. ఆ సంగతి ఫోనులో చెబుతూ అక్క ఏడ్చింది. అక్క ఏడవడం నేను చాలా ఏళ్ళ తర్వాత విన్నాను.

ఆ గురువారం మూడు పెద్ద అద్దాలు, కొత్త దుకాణం ముందు భాగానికి. అక్క తనూ వస్తానని పట్టుబట్టి వెనక ఎక్కింది, చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. పదకొండింటికి లోడుతో సహా బండి మా గేటు ముందు ఆగింది.

“అక్కా, ముందు లోడు దించి...”

“నీ నియమం తర్వాత. కింద పడుకో,” అంది. “ఎడమ చక్రం మీద, సరిగ్గా నా కాలి కింద తంతోంది. షాఫ్టూ గీఫ్టూ కాదురా ఇది.”

జాకీ లేకుండా, గేటు బయట రోడ్డు మీదే పడుకుని కిందికి తొంగి చూశాను. బావ బ్రేకు మీద కాలుంచి క్లచ్చు కొద్దికొద్దిగా వదిలాడు. బండి బరువు మోసే ఉక్కు పట్టీల కమాను కట్ట కింద ఇరుసు చిటికెన వేలంత జరిగి ఠక్కుమంది.

కమాను కట్టనీ ఇరుసునీ కలిపి పట్టి ఉంచే యూ బోల్టులు వదులయ్యాయి. నాలుగు నెలల కిందట ఆ కమాన్లలో విరిగిన పట్టీ మార్చింది నేనే. ఖాళీ బండికి, జాకీ మీద, ఆ నట్లు బిగించిందీ నేనే. కొత్త పట్టీ బరువుకి సర్దుకున్నాక వాటిని మళ్ళీ బిగించాలి. వారం తిరిగాక రమ్మని చెప్పాలి. చెప్పలేదు. ఆ తర్వాత ఆయన ఎన్నిసార్లు వచ్చినా మిగతావన్నీ విప్పాను గానీ, నేను చేసిన పని మీద మాత్రం స్పానరు పెట్టలేదు. నా పని మీద నాకంత నమ్మకం.

నట్లు ఒక్కోటి రెండేసి చుట్లు తిరిగాయి. పావుగంట కూడా పట్టలేదు. లేచి చేతులు తుడుచుకుంటుంటే అక్క దుప్పటి పక్కకి తీసింది. మూడు అద్దాలకీ కింది మూల నుంచి సన్నటి చీలిక పైకి పాకి ఉంది.

గోదాముకి నేనూ వెళ్ళాను. తప్పు నాదేనని, అద్దాలాయనది కాదని యజమానికి చెప్పాను. ఆయన అంతా విన్నాడు. “తప్పెవరిదైతేనేం? రేపు ఆ దుకాణం తెరుస్తున్నారు, నేను మాటిచ్చాను,” అన్నాడు. “సోమవారం నుంచి వేరే బండి వస్తుంది. వీటిని ఇక్కడ దించకండి, చెత్తలో పారెయ్యండి.” బావ తల ఊపాడు, అంతే.

చీలిన అద్దాల లోడుతోనే తిరిగి బయల్దేరాం, ముగ్గురం ముందు సీట్లో ఇరుక్కుని. అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. బావ ప్రతి మలుపులో బండి ఆపాడు, మళ్ళీ కదిలించాడు, రెండో గేరు, మూడో గేరు వేశాడు. చప్పుడు లేదు. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండును అనిపించింది.

చెత్త పోసే చోట ఇంజను ఆపి, స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి, “అయితే నా తల బాగానే ఉందన్నమాట,” అన్నాడు.

అవునన్నాను. ఆయన దిగి, వెనక్కి వెళ్ళి, పారెయ్యాల్సిన అద్దాల మధ్య దుప్పట్లు మళ్ళీ సరిగా సర్దాడు. తర్వాత, రెండో చివర పట్టుకోమని నన్ను పిలిచాడు, మెల్లగా దించమన్నాడు.