కంది కట్టె మీద చారల కారు

ఆ రోజుల్లో నా దృష్టిలో ఇంజన్లు రెండే రకాలు: నేను చూసినవి, నేను రాసుకున్నవి. చూసినవన్నీ నారాయణఖేడ్‌లో మామ షెడ్డుకు రిపేరుకొచ్చే ట్రాక్టర్లవి, ఆటోలవి. మూడు సిలిండర్లు దాటితే అదే గొప్ప (డిపో బస్సుకు ఆరుంటాయని దాన్ని కాస్త గౌరవంగా చూసేవాణ్ని). రాసుకున్నవి వేరు. అమెరికాలో ఒకప్పుడు పందేల పిచ్చిలో తయారుచేసిన ఎనిమిది సిలిండర్ల రాక్షసులు, పదుల సంఖ్యలో మాత్రమే చేసి ఆపేసినవి. కంపెనీ సొంత ట్రాక్ మీదే తిరిగి, గేటు దాటకుండానే ముసలివైపోయిన ప్రయోగాల బండ్లు. నెట్ సెంటర్‌లో కూర్చుని వాటన్నిటినీ రెండు వందల పేజీల నోటుబుక్కులో గడులు గీసి ఎక్కించాను: సిలిండర్లు, ఘనపరిమాణం, ఎన్ని చేశారు, ఎన్ని మిగిలాయి. చివరి గడి 'నేను చూసినవి'. అందులో పైనుంచి కింది దాకా సున్నాలే. ఆటోమొబైల్ డిప్లొమా పూర్తయి ఏడాది కావస్తున్నా ఉద్యోగం రాలేదు. షెడ్డులో స్పానర్లను సైజుల వారీగా సర్దడం నా పని. మామ నన్ను ఎవరికైనా పరిచయం చేస్తే, "మా అల్లుడు. ఇంజన్ విప్పడు, దాని గురించి రాస్తడు," అనేవాడు.

2010 జనవరిలో మేనత్త నన్ను షెడ్డు నుంచి లాక్కుపోయి నాగల్‌గిద్ద రోడ్డు మీద నిలబెట్టింది. అక్కడ వాళ్ల చేను రోడ్డు పక్కనే ఉంటుంది. కోసి ఎండబెట్టిన కంది కట్టెను తారు మీద పరిస్తే, వచ్చే పోయే బండ్లే తొక్కి కాయల్లోంచి గింజలు రాలుస్తాయి. మాకు కల్లమూ అదే, యంత్రమూ అదే. పక్కనున్న మట్టి దారి మీదుగా ఎవరూ తప్పించుకుపోకుండా చెయ్యి ఊపి మధ్యలోంచి పంపే మనిషి ఒకడు కావాలి. డిప్లొమాకు తగిన పనేనని అత్త అన్నది.

పది గంటల వేళ ఒక కారు వచ్చింది. ముందు నుంచి వెనక దాకా నలుపు తెలుపు చారల కాగితం అతికించి ఉంది. పేరు లేదు, గుర్తు లేదు. బానెట్ సందులోంచి ఎర్ర వైరొకటి కిటికీలోకి దూరింది. చూడగానే నాకు తెలిసిపోయింది: ఇది ఇంకా అమ్మకానికి రాని, పరీక్షలో ఉన్న బండి. నా పుస్తకంలోంచి ఒక గడి లేచి నా ఎదురుగా వస్తున్నట్టనిపించింది. అద్దం దిగింది. లోపల డ్రైవరు పక్కన విశాఖపట్నం వైపు యాసతో ఒక ఇంజనీరు. "ఎటు వెళ్లమంటారండి?" అని అడిగాడు. నన్ను 'అండి' అన్న మొదటి మనిషి ఆయనే.

పక్కన మట్టి దారి ఖాళీగా ఉంది. అది నాకు తెలుసు. అయినా, "మధ్యలకెల్లే సార్, అందరు గట్లనే పోతరు," అని చెయ్యి ఊపాను. మా అత్త కందిని ప్రయోగాల బండి తొక్కిందని రాసుకునే అవకాశం ప్రపంచంలో ఇంకెవరికీ రాదు కదా. కారు నెమ్మదిగా దాటింది. వెనక నుంచి అత్త, "ఇటు దిక్కు నలగలే, ఇంకోపారి రమ్మను," అన్నది. రమ్మన్నాను. ఆ మర్యాదస్తుడు వెనక్కి వచ్చాడు, మళ్లీ ముందుకు పోయాడు. మొత్తం మూడు సార్లు.

మలుపు దాటగానే కారు ఆగింది. కమురు వాసన. నేను పరిగెత్తుకెళ్లేసరికి ఇంజనీరు ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని తల పట్టుకున్నాడు. ఇంజన్ వేడి ఎందుకు పెరిగిందో తెలియదట. బయటివాళ్ల ముందు బానెట్ తెరవకూడదట. నేను డిప్లొమా సంగతి చెప్పగానే ఆయన ముఖం కాస్త విచ్చుకుంది. "అయితే మీరూ ఆలోచించండి. మా టెస్ట్ ట్రాక్‌లో ట్రైనీలను తీసుకుంటున్నారు. మీ బయోడేటా నేనే ఇస్తాను," అన్నాడు. ఏడాదిగా ఎదురుచూస్తున్న మాట నాగల్‌గిద్ద రోడ్డు మీద వినపడింది. నోటుబుక్కు తీసి కారణాలు రాయడం మొదలుపెట్టాను. నీళ్లు తగ్గడం, థర్మోస్టాట్ ఇరుక్కోవడం, ఫ్యాను తిరగకపోవడం... పద్నాలుగయ్యాయి. ఆయన తొంగిచూసి, "చాలా పద్ధతిగా రాస్తారండి మీరు," అన్నాడు. సరిగ్గా అప్పుడే బంపరు కింద నుంచి రెండు కాయలున్న కంది పుల్ల ఒకటి బయటికి పొడుచుకుని ఉండటం చూశాను.

సంగతి అర్థమైంది. కాలితో పుల్లను మెల్లగా లోపలికి నెట్టాను (ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గే). పదిహేనో కారణం రాయాలంటే అందులో నా చెయ్యి ఉంది. మట్టి దారి ఉండగా మూడు సార్లు తొక్కించినవాణ్ని ఏ కంపెనీ తీసుకుంటుంది? ఇంతలో ఇంజనీరు ఫోనులో అంటున్నాడు: "ఇంజన్ లోపమనే రాస్తున్నాను సార్. అవును, ట్రయల్ మొత్తం ఆపాల్సిందే. ఆరు నెలల పని పోయినట్టే."

కొడవలి పట్టుకుని అత్త వచ్చింది. బండిని చూసింది, నన్ను చూసింది.

"ఏం రాస్తున్నవ్ రా?"

"బండి ఎందుకాగిందో కారణాలు అత్తా."

"ఎన్ని?"

"పద్నాలుగు."

"అందుల నువ్వు చెయ్యి ఊపింది ఉన్నదా?"

నేను పెన్నుకు మూత పెట్టబోయాను.

"ఆదివారం చర్చిల ముందు బెంచి మీద కూసుంటవ్ గద. రాయి."

రాశాను. పదిహేను: కంది కట్టె. బండిని దాని మీదికి పంపినవాడు: నేను. పైకి చదివాను కూడా. ఇంజనీరు తారు మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి చూశాడు. చాలాసేపు చూశాడు. "పక్కన దారి ఉందని మీకు తెలుసా?" అన్న మాట కింద నుంచే వచ్చింది. తెలుసన్నాను. "మరి మూడు సార్లెందుకండి?"

"నలగలే సార్," అన్నది అత్త.

ఆయన లేచి కూర్చున్నాడు. కోప్పడతాడనుకున్నాను. "ఏటా ఇంతేనా మీ రోడ్డు?" అని మాత్రం అడిగాడు.

"గింతే. బస్సు తొక్కుతది, లారీ తొక్కుతది, పెండ్లి జీపులు తొక్కుతయ్. మీ బండే ఆగింది."

ఆయన ఆ మాటను లాప్‌టాప్‌లో ఎక్కించుకున్నాడు. అసలు తాము ఊళ్లు తిరుగుతున్నది ఇలాంటివి తెలుసుకోవడానికేనని అన్నాడు. ఇంజన్ చల్లబడ్డాక అత్త కొడవలితో కింది పుల్లలన్నీ కోసి లాగింది. రేడియేటర్లో ఇరుక్కున్న పొట్టు తియ్యాలంటే బానెట్ తెరవాలి. రహస్యం కాపాడాలి కాబట్టి అత్తా, డ్రైవరూ కందులు ఎత్తడానికి తెచ్చిన పరదా పట్టుకుని అడ్డంగా నిలబడ్డారు (అత్త ముఖం అటు తిప్పుకుని). పరదా లోపల ఇంజనీరూ, కాబోయే ట్రైనీ లెక్కన నేనూ. ఏడాదిగా కలలుగన్న ప్రయోగాల ఇంజన్ నా ముందుంది. లెక్కపెట్టాను. మూడు సిలిండర్లు. మామ షెడ్డుకొచ్చే ట్రాక్టరుకున్నన్నే. నా ముఖం చూసి, "చిన్నదే గాని మైలేజీ బాగుంటుందండి," అని ఆయన నన్ను ఓదార్చాడు. అత్త కారు కింద దొరికిన కాయలన్నీ కొంగులో వేసుకుంది. "ఇవి మాయి," అని చెప్పి మరీ.

మూడు నెలలకు పిలుపొచ్చింది. ఇప్పుడు అదే ట్రాక్‌లో పనిచేస్తున్నాను. గుంతల దారి, నీళ్ల దారి, దుమ్ము దారి దాటాక చివర యాభై అడుగుల దారి ఒకటుంది. దాని కోసం ఏటా జనవరిలో నారాయణఖేడ్ బస్సెక్కి కంది కట్టె మోపులు వస్తాయి. పరీక్షల జాబితాలో అది పదిహేనోది. ఆ అంకె మార్చనివ్వలేదు. ఎనిమిది సిలిండర్ల గడిలో మాత్రం ఇంకా సున్నాలే. నోటుబుక్కు పారెయ్యలేదు, పేజీలు మిగిలే ఉన్నాయి. కొత్త బండి ఏదైనా ఆ కట్టె ముందుకొచ్చి వేగం తగ్గిస్తే, చేతిలో కాగితాలున్నా సరే, నా కుడి చెయ్యి తనంతట తానే లేచి మధ్యలోంచి పొమ్మని ఊపుతుంది. అది దాటి పోయాక, దగ్గర్లో ఎవరూ లేకపోతే, ఇంకోపారి రమ్మంటాను.